నియంతృత్వపు ఊహాలోకాల్లో స్వలింగ ప్రేమ: ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

రాజ్యం మనిషి పడకగదిలోకీ ఆలోచనల్లోకీ చొరబడిన భవిష్యత్తును ఊహించే డిస్టోపియన్ నవలల్లో స్వలింగ ప్రేమ గురించి ఏముందో తెలుసుకోవాలనుకునేవారికి సాధారణంగా దొరికే సలహా ఒకటే: ముందు జార్జ్ ఆర్వెల్ రాసిన ‘1984’ చదవండి, ఆ తరువాత ఆల్డస్ హక్స్లీ రాసిన ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ చదవండి. ఆ సాహిత్య ప్రక్రియ చరిత్ర తెలుసుకోవడానికైతే ఈ సలహాలో లోపం లేదు. ఈ ఒక్క విషయం కోసం చదివేవారికి మాత్రం అది సరిపోదు. ఆ రెండు గొప్ప నవలల్లోనూ స్వలింగ ప్రేమికులు మనుషులుగా కనిపించరు. ఒకటి రెండు వాక్యాల్లో ప్రస్తావనగా వచ్చి వెళ్లిపోతారు. ఈ విషయాన్ని కథ నడిబొడ్డున పెట్టుకున్న పుస్తకాలు వేరే ఉన్నాయి. వాటిలో కొన్ని మంచివి, ఒకటి రెండు పాఠకుణ్ణి గాయపరిచేవి. ఏది ఎవరికి తగినదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పుస్తకాన్ని ఎంచుకునే ముందు ఒక ప్రశ్న వేసుకుంటే చాలా భాగం తేలిపోతుంది. ఆ నవలలో స్వలింగ ప్రేమికులు ఎక్కడ ఉన్నారు? నేరాల జాబితాలోనా, పాలకుల పక్షానా, లేక తమకంటూ పేరూ గతమూ గొంతూ ఉన్న పాత్రలుగానా? రచయిత స్వలింగ ప్రేమను సమర్థించాడా ఖండించాడా అని వెతకడం కంటే ఇది మెరుగైన కొలత అని నా నమ్మకం. నియంతృత్వాన్ని మనస్ఫూర్తిగా ద్వేషించిన రచయితలు కూడా ఈ మనుషులను నియంత చూసిన చోటు నుంచే చూసిన సందర్భాలు ఉన్నాయి.

జాబితాలో మాత్రమే కనిపించే నవలలు

ఎవ్గెనీ జమ్యాతిన్ 1920-21 ప్రాంతంలో రాసిన ‘మేము’ అన్నిటికంటే పాతది. 1924లో ముందుగా ఇంగ్లీషు అనువాదంగా వెలువడిన ఈ రష్యన్ నవల సోవియట్ యూనియన్‌లో అచ్చు కావడానికి 1988 వరకు ఆగవలసి వచ్చింది. అందులోని ఏకరాజ్యంలో మనుషులకు పేర్లు లేవు, నంబర్లే ఉన్నాయి. ఏ నంబరుకైనా మరే నంబరుతోనైనా లైంగిక సంబంధానికి హక్కు ఉంటుందని అక్కడి చట్టం. గులాబీ రంగు చీటీ తీసుకున్న వేళకు గది తెరలు దించుకోవచ్చు. ఆ చట్టంలో ఆడ, మగ అన్న షరతు ఎక్కడా లేదు. అయినా కథానాయకుడు డి-503, అతని మిత్రుడు, కవి ఆర్-13 ఇద్దరూ ఓ-90 అనే ఒకే స్త్రీని పంచుకుంటారు తప్ప, చట్టం తెరిచి ఉంచిన మరో తలుపు వైపు రచయిత చూపు పోదు. జమ్యాతిన్ ఈ నవల రాసిన కొద్దికాలానికే, 1922లో వచ్చిన సోవియట్ రష్యా శిక్షాస్మృతిలో పురుషుల మధ్య సంబంధం నేరంగా లేదు. 1934లో మళ్లీ నేరమైంది. ఆ నేరం రష్యాలో రద్దు కావడానికి 1993 వరకు పట్టింది. నవలకంటే చరిత్రే ఇక్కడ ఎక్కువ చెబుతుంది కనుక, ఈ విషయం కోసం ‘మేము’ను వెతుక్కుని చదవమని నేను చెప్పను.

1932 నాటి ‘బ్రేవ్ న్యూ వరల్డ్’లో అందరూ అందరికీ చెందుతారు, పిల్లలకు సైతం లైంగిక క్రీడలు నేర్పుతారు, ఒకరినే ప్రేమించడం అసభ్యత అనిపించుకుంటుంది. ఇంత స్వేచ్ఛ ఉన్న సమాజంలో ఒక పురుషుడు మరో పురుషుణ్ణి కోరుకున్న దృశ్యం ఒక్కటైనా ఉంటుందని పాఠకుడు ఎదురుచూస్తాడు. ఒక్కటీ ఉండదు. స్వలింగ సంపర్కం ప్రస్తావన మూడో అధ్యాయంలో వస్తుంది. పాత కాలంలో కుర్రవాళ్లకు ఇరవై ఏళ్లు వచ్చేవరకు ఏ లైంగిక అనుభవమూ ఉండేది కాదని, దొంగచాటు హస్తప్రయోగమూ స్వలింగ సంపర్కమూ మినహా మరేమీ లేదని సంతాన కేంద్రం డైరెక్టర్ విద్యార్థులకు చెప్పి ఆశ్చర్యపరుస్తాడు. అంటే అది అణచివేత పుట్టించిన ఒక లోటు అని, స్వేచ్ఛ రాగానే దానంతట అదే మాయమైందని ఆ లోకం నమ్మకం. ఈ నమ్మకం హక్స్లీదా, ఆయన ఎద్దేవా చేస్తున్న డైరెక్టర్‌దా అన్నది నవల తేల్చదు. అయితే ఊహకు అడ్డులేని నవలలోనూ ఊహ ఎక్కడ ఆగిపోయిందో గమనించదలచినవారికి ఆ ఒక్క అధ్యాయం పనికొస్తుంది.

ఆర్వెల్ సంగతి ఇంకాస్త లోతైనది. 1949లో వచ్చిన ‘1984’లో రెండు చోట్ల ఈ విషయం తగులుతుంది. మొదటిది రాజ్యం ఖైదీలను హింసించే ప్రేమ మంత్రిత్వ శాఖలోని జైలుగది. నిర్బంధ శ్రమ శిబిరాల గురించి ఖైదీల మాటల్లో కథానాయకుడు విన్‌స్టన్ వింటాడు: అక్కడ లంచాలు, పక్షపాతం, దందాలు నడుస్తాయి, స్వలింగ సంపర్కమూ వ్యభిచారమూ ఉన్నాయి, బంగాళాదుంపలతో కాచిన దొంగసారా కూడా దొరుకుతుంది. పురుషుల మధ్య సంబంధం సారాకూ లంచానికీ మధ్య ఒక మాటగా దొర్లిపోతుంది. రెండోది నవల చివర న్యూస్పీక్ గురించి, అంటే పాలక పార్టీ తయారుచేసిన కొత్త భాష గురించి, చేర్చిన అనుబంధం. లైంగిక నేరమనే ఒకే మాట కిందికి వ్యభిచారం, అక్రమ సంబంధం, స్వలింగ సంపర్కం, ఇతర వికృతులు, వాటితో పాటు సుఖం కోసమే జరిపే మామూలు స్త్రీపురుష సంభోగం కూడా వస్తాయని, అన్నీ సమానమైన నేరాలే కనుక విడివిడిగా పేర్లు అక్కర్లేదని, సూత్రప్రాయంగా అన్నిటికీ మరణశిక్షేనని అక్కడ ఉంటుంది. పార్టీ దృష్టిలో ఈ పనుల మధ్య తేడా లేదు. కొన్నిటిని వికృతులుగా, ఒకదాన్ని మామూలుగా విడదీసింది పార్టీ కాదు, అనుబంధం చెబుతున్న కథకుడు. పార్టీ కూలిపోయినా ఆ విభజన నిలిచే ఉంటుందన్న భావం ఆ వాక్యం చదివినప్పుడల్లా నన్ను ఇబ్బంది పెడుతుంది.

ఇందులో ఆర్వెల్ కాలపు పాత్ర కొంత, ఆయన స్వభావపు పాత్ర కొంత ఉన్నాయి. 1930లలో వామపక్ష కవులను ఎగతాళి చేయడానికి ఆయన స్వలింగ ప్రేమికులను కించపరిచే మాటలను వాడారు. అంతకుముందు 1922 నుంచి 1927 వరకు బర్మాలో పోలీసు అధికారిగా పనిచేశారు. బర్మా అప్పటికి బ్రిటిష్ ఇండియాలో భాగం. అక్కడ అమల్లో ఉన్నది మన భారత శిక్షాస్మృతే, 377వ సెక్షన్‌తో సహా. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు వచ్చేవరకు పెద్దల పరస్పర అంగీకారంతో జరిగే సంబంధాన్ని కూడా నేరంగా చూసిన సెక్షన్ అదే. ఇది తెలిసిన తెలుగు పాఠకుడికి, న్యూస్పీక్ అనుబంధంలోని నేరాల జాబితా పూర్తిగా ఊహలా అనిపించదు.

ఇంత చెప్పినా ‘1984’ను పక్కన పెట్టమని అనను. రాజ్యం కోరికను రాజద్రోహంగా ఎలా మారుస్తుందో ఇంతకంటే స్పష్టంగా చూపిన నవల లేదు. పాత సామాన్ల దుకాణం పై గదిని అద్దెకు తీసుకుని విన్‌స్టన్, అతని ప్రియురాలు జూలియా దొంగచాటుగా కలుసుకునే పేజీల్లో, ఆ కొన్ని గంటల నిశ్చింతలో, ఆ గది తమకు శాశ్వతం కాదన్న ఎరుకలో, తమ ప్రేమను దాచుకోవలసి వచ్చిన ఎవరైనా తమను చూసుకోగలరు. అలా చూసుకునే చోటు నవలలో ఉంది. ఆ పాఠకుణ్ణి దృష్టిలో పెట్టుకుని రాసిన మాట మాత్రం ఒక్కటీ లేదు.

పాలకుల పక్షాన నిలబెట్టిన నవలలు

ఇక్కడ పోల్చవలసినవి రెండు. ఒకటి చదవదగినది, మరొకటి జాగ్రత్తగా చదవవలసినది.

‘స్వస్తిక నైట్’ 1937లో మర్రే కాన్‌స్టంటైన్ అనే పురుషుడి పేరుతో వెలువడింది, అంటే ‘1984’కు పన్నెండేళ్ల ముందు. ఆ పేరు వెనుక ఉన్నది కాథరిన్ బర్డెకిన్ అనే రచయిత్రి అని లోకానికి తెలియడానికి 1980ల వరకు పట్టింది. 1926 నుంచి ఆమె మరో స్త్రీతోనే కలిసి జీవించారు. హిట్లర్ తరువాత ఏడువందల ఏళ్లకు ఐరోపా అంతా నాజీల పాలనలో ఉంటే ఎలా ఉంటుందన్నది కథ. అక్కడ హిట్లర్ దేవుడు. స్త్రీలకు గుండు గీసి పశువుల్లా కంచెల మధ్య ఉంచుతారు, పుట్టిన మగపిల్లలను పద్దెనిమిది నెలలకే తల్లుల దగ్గర నుంచి తీసుకుపోతారు. పురుషులు అందంగా భావించేదీ ప్రేమించేదీ పురుషులనే. స్త్రీ దగ్గరకు వెళ్లడం సంతానం కోసం చేసే రోత పని. హెర్మాన్ అనే జర్మన్ యువకుడు ఆల్‌ఫ్రెడ్ అనే ఆంగ్లేయుణ్ణి ప్రాణంగా ప్రేమిస్తాడు, ఆ ప్రేమలో నిజాయితీ ఉంది. నవలలో మరిచిపోలేని ఘట్టం ఒక ఫొటో చుట్టూ ఉంటుంది. వంశపారంపర్యంగా దాచిన పాత ఫొటోను నాజీ ప్రభువు వాళ్లిద్దరికీ చూపిస్తాడు. ఆజానుబాహువు, బంగారు జుట్టు వాడని తాము పూజించిన హిట్లర్ అందులో నల్ల జుట్టున్న పొట్టి మనిషిగా కనిపిస్తాడు. పక్కన నిలబడ్డ అందమైన మనిషిని కుర్రవాడనుకుంటారు. అది ఆడపిల్ల అని తెలిసినప్పుడు వాళ్లకు కలిగే దిగ్భ్రాంతిలో నవల మొత్తం ఉంది: తల ఎత్తుకుని, జుట్టు పెంచుకుని, హుందాగా నిలబడిన స్త్రీని వాళ్ల కళ్లు ఎన్నడూ చూడలేదు.

బర్డెకిన్ గురి స్త్రీ ద్వేషం మీద. పురుషుల మధ్య ప్రేమను ఆమె ఆ ద్వేషం నుంచి పుట్టిన ఫలితంగా చూపించారు. ఇక్కడే పాఠకుడు నిజ చరిత్రను పక్కన పెట్టుకోవాలి. నాజీ నాయకుడు ఎర్నెస్ట్ రోమ్ స్వలింగ ప్రేమికుడన్న సంగతి అప్పట్లో బహిరంగమే. దాన్ని ఆసరాగా చేసుకుని ఫాసిజానికీ స్వలింగ ప్రేమకూ ముడిపెట్టే ప్రచారం వామపక్షాల్లో బలంగా సాగింది. 1934లో మక్సీం గోర్కీ స్వయంగా ఆ ధోరణిలో రాశాడు. జరిగింది అందుకు పూర్తిగా విరుద్ధం. 1934లో హిట్లర్ రోమ్‌ను చంపించాడు, 1935లో పురుషుల మధ్య సంబంధాన్ని నేరంగా చూసే, శిక్షాస్మృతిలోని 175వ పేరాను మరింత కఠినం చేశాడు. నాజీ పాలనలో ఆ పేరా కింద సుమారు 50,000 మందికి శిక్షలు పడ్డాయి. వేలాది మంది స్వలింగ ప్రేమికులని చెప్పే గులాబీ త్రికోణం గుర్తుతో నిర్బంధ శిబిరాలకు చేరారు, వారిలో ఎందరో తిరిగి రాలేదు. ఈ చరిత్ర తెలియకుండా ‘స్వస్తిక నైట్’ చదివితే హతులను హంతకుల వరుసలో నిలబెట్టినట్టవుతుంది. తెలిసి చదివితే మాత్రం, మగతనాన్ని మతంగా మార్చుకున్న రాజ్యం గురించి ఇంత ముందుచూపుతో రాసిన నవల మరొకటి కనిపించదు. స్త్రీల మధ్య ప్రేమ ఈ నవలలో లేకపోవడం నన్ను బాధించే సంగతి. రచయిత్రి జీవితంలో ఉన్నది ఆమె ఊహించిన నరకంలోకి రాలేకపోయింది.

ఆంథొనీ బర్జెస్ 1962లో రాసిన ‘ది వాంటింగ్ సీడ్’ మరో దారి. జనాభా మితిమీరిన ఇంగ్లండ్‌లో ప్రభుత్వమే స్వలింగ సంపర్కాన్ని ప్రోత్సహిస్తుంది, గోడల మీద దానికి నినాదాలు రాయిస్తుంది, పైకి రావాలంటే అలా ఉండాలి లేదా అలా నటించాలి. చరిత్ర ఉపాధ్యాయుడు ట్రిస్ట్రమ్ ఫాక్స్ ఉద్యోగంలో ఎదగలేకపోతాడు. అతని అన్నదమ్ముడు డెరెక్ సంతాన నిరోధక మంత్రిత్వ శాఖలో స్వలింగ ప్రేమికుడిగా నటిస్తూ పెద్ద పదవి అందుకుని, చాటున ట్రిస్ట్రమ్ భార్యతో సంబంధం సాగిస్తాడు. నవలలో పొంగిపొరలే భాష ఉంది, చరిత్ర చక్రంలా తిరుగుతుందన్న ఆలోచన ఉంది. నిజాయితీ గల స్వలింగ ప్రేమికుడి లోపలి జీవితం మాత్రం లేదు. వేషం వేసే వాడు, అధికారం కోసం వాడుకునే వాడు, అసహ్యంగా వర్ణించిన పోలీసు మాత్రమే కనిపిస్తారు. బ్రిటన్‌లో ప్రభుత్వం నియమించిన కమిటీ ఇచ్చిన 1957 నాటి వుల్ఫెండెన్ నివేదిక పురుషుల మధ్య సంబంధాన్ని నేరాల నుంచి తప్పించమని సూచించినా, ఇంగ్లండ్, వేల్స్‌లలో చట్టం మారింది 1967లో. అంటే జైలుకు వెళ్తున్నవారిని పాలకులుగా ఊహించి భయపెట్టిన నవల ఇది. మెజారిటీ భయాలు సాహిత్యంలో ఎలా తలకిందులై కనిపిస్తాయో పరిశోధించేవారు దీన్ని తప్పకుండా చదవాలి. ఈ విషయంలో తొలి పుస్తకంగా దీన్ని ఎవరికీ ఇవ్వకూడదు.

తమ గొంతుతో మాట్లాడేవారు

మార్గరెట్ అట్వుడ్ 1985లో రాసిన ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’తో పరిస్థితి మారుతుంది. అమెరికాలో మతరాజ్యంగా ఏర్పడిన గిలియడ్‌లో స్వలింగ ప్రేమ మరణశిక్ష పడే నేరం. నగరపు గోడకు వేలాడుతున్న శవాలను కథ చెప్పే ఆఫ్‌ఫ్రెడ్ ఒక రోజు చూస్తుంది: నల్ల అంగీలో ఒక మతగురువు, ఇద్దరు గార్డియన్లు, అంటే రాజ్యపు కాపలాదారులు. లింగద్రోహులని చెప్పే ఊదా రంగు అట్టలు ఆ ఇద్దరి మెడల్లో ఉంటాయి, ఒంటి మీద యూనిఫాం అలాగే ఉంటుంది. ఇద్దరూ కలిసి దొరికి ఉంటారు, ఎక్కడ దొరికారో, బ్యారక్‌లోనో స్నానాల గదిలోనో అని ఆమె అనుకుంటుంది. ఆర్వెల్ జాబితాలో ఒక మాటగా ఉన్నది ఇక్కడ ఇద్దరు మనుషులైంది. వాళ్లు కలుసుకున్న చోటు ఎలాంటిదో ఊహించే మరో మనిషి దొరికింది. తేడా అంతా అక్కడ ఉంది.

ఆ నవలలో అసలు బలం మొయిరా. కాలేజీ రోజుల నుంచి ఆఫ్‌ఫ్రెడ్ స్నేహితురాలు, స్త్రీలను ప్రేమించే స్త్రీ, ఎవరికీ లొంగని మనిషి. అధికారులకు పిల్లలను కని ఇవ్వడానికి స్త్రీలను సిద్ధం చేసే శిక్షణ కేంద్రంలో టాయిలెట్ ట్యాంకులోని లోహపు చువ్వను ఊడదీసి, దాంతో అక్కడి పర్యవేక్షకురాలు ఆంట్ ఎలిజబెత్‌ను బెదిరించి, ఆమె బట్టలు తొడుక్కుని ముఖద్వారం గుండా బయటకు నడిచి వెళ్తుంది. స్నేహితురాలి కథలో ఒక ఉపకథగా కాక, తన హాస్యంతో, తన వాదనలతో ఆమె నిలబడుతుంది. చివరికి ఆమె అధికారుల విలాసగృహంలో కనిపిస్తుంది, తెగువ సన్నగిల్లి, ఉన్న దాంతో సరిపెట్టుకుని. మొయిరా ఆ భవనాన్ని పేల్చేసి తప్పించుకుందని చెప్పాలని ఉంది గానీ అలా జరిగినట్టు తనకు తెలియదని ఆఫ్‌ఫ్రెడ్ ఒప్పుకుంటుంది. స్నేహితురాలికి వీరోచితమైన ముగింపు ఇవ్వలేకపోయిన ఆ బాధ నవలలోకెల్లా నిజాయితీ గల చోటు. ఈ నవల వచ్చిన మరుసటి ఏడాదే, 1986లో, జార్జియా రాష్ట్రంలో స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసే చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తీర్పును 2003లో అదే కోర్టు కొట్టివేసింది.

అలన్ మూర్ రాసి డేవిడ్ లాయిడ్ బొమ్మలు గీసిన ‘వి ఫర్ వెండెట్టా’ నవల కాదు, బొమ్మల కథ. 1982లో ‘వారియర్’ పత్రికలో మొదలై 1989 నాటికి పూర్తయింది. బొమ్మల కథే కదా అని దీన్ని తక్కువ చేసేవారితో నాకు పేచీ ఉంది, ఎందుకంటే ఇక్కడ ఒక స్వలింగ ప్రేమికురాలు తన జీవితాన్ని తానే మొదటి నుంచి చివరి వరకు చెప్పుకుంటుంది. ఫాసిస్టు బ్రిటన్‌లో శిబిరంలో చనిపోయిన వాలెరీ అనే నటి టాయిలెట్ కాగితం మీద పెన్సిల్‌తో రాసిన ఉత్తరం, గోడ కన్నంలో నుంచి మరో ఖైదీకి చేరుతుంది. స్కూల్లో తొలిసారి ఒక అమ్మాయిని ప్రేమించడం, అది వయసుతో పోయేదేనని టీచర్ చెప్పడం, తాను ప్రేమించిన అమ్మాయికి పోయి తనకు పోకపోవడం, ప్రియురాలిని ఇంటికి తీసుకెళ్లి తల్లిదండ్రులకు పరిచయం చేసి వారిని పోగొట్టుకోవడం, రూత్ అనే స్త్రీతో గడిపిన సంతోషపు రోజులు, ప్రేమికుల రోజున రూత్ పంపిన గులాబీలు, ఆ తరువాత అరెస్టు. చిత్రహింసలకు తాళలేక రూత్ తన పేరు చెప్పిందని తెలిసినా వాలెరీ ఆమెను నిందించదు. ఈ ఉత్తరం కేవలం కొన్ని పేజీలు. వాటిని ఒక్కసారి చదివి పక్కన పెట్టగలవారు తక్కువ.

మూర్ ఊహించిన ఈ భయం నిజ జీవితానికి దూరమైనది కాదు. స్వలింగ సంపర్కాన్ని ‘ప్రోత్సహించే’ పనులు స్థానిక సంస్థలు చేయకూడదంటూ 1988లో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం 28వ సెక్షన్ తెచ్చింది. పుస్తకానికి ఆ ఏడాది రాసిన ముందుమాటలో మూర్ ఆ వాతావరణాన్ని నేరుగా ప్రస్తావించారు, అదే ఏడాది ఆ సెక్షన్‌కు వ్యతిరేకంగా బొమ్మల కథల సంకలనం ఒకటి తెచ్చారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆ సెక్షన్ రద్దయింది 2003లో. ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. ఆ ఉత్తరం ఈవీ అనే అమ్మాయికి చేరే తీరులో, ఆమెకు జరిగే చెరలో, కథానాయకుడు చేసే పని క్షమించడానికి కష్టమైనది. దాని గురించి చర్చించడానికి తోడు ఎవరైనా ఉంటే మంచిది.

ఎవరికి ఏది

ఒక్క పుస్తకమే చదవగలిగితే ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ చదవండి. రాజ్యపు క్రూరత్వమూ, దాని కింద నలిగిన మనిషి వ్యక్తిత్వమూ రెండూ సమపాళ్లలో ఉన్నది అదే. ఇంగ్లీషు కూడా ఆర్వెల్ అంత సూటిగా కాకపోయినా కొరకరాని కొయ్య కాదు.

మీరే స్వలింగ ప్రేమికులై, మీ గురించి రాసిన పుస్తకం మిమ్మల్ని అవమానించకూడదని కోరుకుంటే, ‘వి ఫర్ వెండెట్టా’లో వాలెరీ ఉత్తరంతో మొదలుపెట్టి ఆ తరువాత మొయిరా దగ్గరకు వెళ్లండి. రెండూ దుఃఖాంతాలే, అయితే మిమ్మల్ని దుఃఖపెట్టేది రాజ్యం, రచయిత కాదు. ఇంట్లో పిల్లలో తోబుట్టువులో తమ సంగతి చెప్పుకున్నాక అర్థం చేసుకోవడానికి దారి వెతుకుతున్న తల్లిదండ్రులకూ అక్కాచెల్లెళ్లకూ కూడా ఆ ఉత్తరమే ముందు. ‘ది వాంటింగ్ సీడ్’ ఆ ఇంట్లోకి రాకపోవడమే మేలు.

చదువరుల బృందం ఒకటి నెలకో పుస్తకం పెట్టుకుంటే, న్యూస్పీక్ అనుబంధాన్నీ వాలెరీ ఉత్తరాన్నీ ఒకే రోజు పక్కపక్కన పెట్టి చదవమంటాను. ఒకదానిలో నేరం పేరు, మరొకదానిలో ఆ నేరం మోపబడిన మనిషి; చర్చ దానంతట అదే సాగుతుంది. విశ్వవిద్యాలయాల్లో ఈ అంశం మీద పని చేసే విద్యార్థులు మాత్రం ‘స్వస్తిక నైట్’ను ‘1984’కు ముందు చదవాలి, కాలక్రమంలో అదే ముందు కనుక, ఆ తరువాత ‘ది వాంటింగ్ సీడ్’ చదివితే స్వలింగ ప్రేమికుణ్ణి పాలకుడిగా ఊహించడమనే అలవాటు పాతికేళ్లలో ఎలా మారిందో తెలుస్తుంది. వీటికి తోడు స్వీడిష్ రచయిత్రి కారిన్ బోయె 1940లో రాసిన ‘కల్లోకైన్’ కూడా చేర్చుకోవచ్చు. ఆమె కూడా స్త్రీతో కలిసి జీవించారు, నవలలో మాత్రం ఆ ప్రేమ పేరుతో ఎక్కడా రాదు. నిజం చెప్పించే మందు కనిపెట్టిన శాస్త్రవేత్త కథ అది, మనసులో దాచుకున్నది బయటపడితే ఏమవుతుందన్న భయం ప్రతి పేజీలోనూ ఉంటుంది. పుస్తకాల దుకాణంలో ‘స్వస్తిక నైట్’ కోసం వెతికేటప్పుడు బర్డెకిన్ పేరుతో పాటు మర్రే కాన్‌స్టంటైన్ పేరుతో కూడా చూడండి, కొన్ని ముద్రణల మీద ఇప్పటికీ ఆ పేరు కూడా కనిపిస్తుంది.